అగరుబత్తా, ప్లగ్గా, డిఫ్యూజరా? ఇంటి సువాసనల్లో ఏది ఎవరికి నప్పుతుంది

పోయిన వానాకాలం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అత్తయ్యగారికి ఆయాసం ఎక్కువైంది. అగరుబత్తులు మానేసి, కరెంటు ప్లగ్గులో పెట్టేది ఉంటుందే, అది కొనమంటావా? పొగ రాదు కదా" అంది. పొగ రాదన్న ఒక్క ముక్క పట్టుకుని నేనూ కొనెయ్యమన్నాను. పదిహేను రోజులకి మళ్ళీ ఫోన్. అత్తగారికి దగ్గు కాస్త నెమ్మదించింది గానీ, ఈసారి మా చెల్లికి తలనొప్పి పట్టుకుంది. పొద్దున లేస్తూనే కణతలు లాగేస్తున్నాయట. తీరా అడిగితే, ఆ ప్లగ్గు పెట్టింది హాల్లో కాదు, రాత్రంతా ఏసీ వేసుకుని తలుపులు బిగించుకునే పడకగదిలో.

పొగ ఉందా లేదా అని చూశానే తప్ప, అది ఎంతసేపు, ఎంత గదిలో, ఎవరి ముక్కు పక్కన ఉంటుందో నేను అడగలేదు. ఇలాంటి సలహా అడిగేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి, ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

"సహజం" అన్న మాటను కాసేపు పక్కన పెట్టండి

ముక్కుకి వాసన తగిలిందంటే, ఏదో పదార్థం ఆవిరై గాల్లో కలిసి మన ముక్కులోకి వచ్చిందనే అర్థం. మల్లెచెండు గుబాళించినా అంతే. అందులో బెంజైల్ ఎసిటేట్ ఉంటుంది, లినలూల్ ఉంటుంది, రవ్వంత ఇండోల్ కూడా ఉంటుంది. లావెండర్‌లోనూ లినలూలే. నారింజ తొక్క నుంచి తీసిన నూనెలో తొంభై శాతం పైగా లిమొనీన్. అదే లిమొనీన్ నిమ్మవాసన వచ్చే ఫ్లోర్ క్లీనర్‌లోనూ ఉంటుంది. వీటన్నిటినీ కలిపి వీఓసీలు అంటారు, అంటే మామూలు గది వేడికే ఆవిరైపోయే సేంద్రియ రసాయనాలు.

ఈ లిమొనీన్ లాంటివి గాల్లో ఊరికే ఉండవు. గదిలోకి వచ్చిన ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్‌గానూ, కంటికి ఆనని సన్నటి నుసిగానూ మారతాయి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఇంట్లో తయారయ్యేది సాధారణంగా కొద్దిపాటే. దానికే హడలిపోనక్కర్లేదు. కానీ నగరాల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఓజోన్ పెరుగుతుంది. గాలి శుభ్రం చేస్తామని ఓజోన్ వదిలే యంత్రాలూ అమ్ముతున్నారు. ఆ యంత్రం పెట్టి, నిమ్మ క్లీనర్‌తో తడిగుడ్డ వేసి, కిటికీలు మూసుకుంటే మాత్రం చేతులారా తెచ్చుకున్నట్టే.

'గ్రీన్', 'ఆర్గానిక్' అని రాసి ఉంటే నయమేనా? 2011లో యాన్ స్టైన్‌మన్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం అమెరికాలో దొరికే 25 సువాసన ఉత్పత్తుల్ని పరీక్షించారు. మొత్తం 133 రకాల వీఓసీలు బయటపడ్డాయి. వాటిలో ఏ లేబుల్ మీదనైనా కనిపించింది ఒక్కటే. హానికర రసాయనాల విషయంలో 'గ్రీన్' సరుక్కీ మామూలు సరుక్కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. దాంతో నేను సీసా మీద ఆకు బొమ్మ చూసి మురవడం మానేశాను.

నేను అడిగే ప్రశ్నలు

మండేదా, ఆవిరయ్యేదా? ఇది అన్నిటికన్నా పెద్ద గీత. మండితే వీఓసీలతో పాటు పీఎం 2.5 అనే అతి సన్నటి నుసి కూడా వస్తుంది. అది ఊపిరితిత్తుల లోతు దాకా పోతుంది.

నా చేతిలో ఉందా, దాని చేతిలో ఉందా? అగరుబత్తి అరగంటో ముప్పావుగంటో కాలి ఆరిపోతుంది. ప్లగ్గుకి ఆ బుద్ధి లేదు. నెలరోజులూ రాత్రింబవళ్ళు వదులుతూనే ఉంటుంది. పైగా మన ముక్కు వాసనకి తొందరగా అలవాటు పడిపోతుంది. "అయిపోయినట్టుంది, వాసన రావట్లేదు" అని దాన్ని ఇంకో గీత పెంచుతాం. ఇంటికొచ్చిన చుట్టం మాత్రం గుమ్మంలోనే తుమ్ముతాడు.

గది ఎంత, కిటికీ ఏది? ఎవరెవరున్నారు? పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్ళు, మైగ్రేన్ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఉంటే లెక్క మారిపోతుంది. పిల్లి ఉన్నా మారుతుంది.

ఇక లేబుల్. సబ్బు మీద, స్ప్రే మీద 'పర్ఫ్యూమ్' అన్న ఒక్క మాట వెనక పదుల కొద్దీ రసాయనాలు దాక్కోవచ్చు. యూరప్‌లో 2005 నుంచి 26 రకాల అలర్జీ కారకాల్ని సౌందర్య సాధనాల మీద పేరుపేరునా రాయాలి. 2023లో ఆ జాబితాను 80 దాటించారు. లిలియల్ అనే పూలవాసన రసాయనాన్ని 2022 మార్చి నుంచి అక్కడ సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించారు కూడా. మన దగ్గర లేబుల్ చూసి తెలిసేది తక్కువే కాబట్టి, మొదటి నాలుగు ప్రశ్నల మీదే ఎక్కువ ఆధారపడాలి.

| రకం | నుసి | వీఓసీలు | ఆపడం మన చేతిలోనా? | అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|
| అగరుబత్తి | చాలా ఎక్కువ | ఉన్నాయి | అవును, ఆరిపోతుంది | మూసిన గదిలో వద్దు |
| సాంబ్రాణి, ధూప్ కప్పులు | అన్నిటికన్నా ఎక్కువగా కమ్మేస్తుంది | ఉన్నాయి | కొంతవరకే | బొగ్గు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ |
| హారతి కర్పూరం | మసి, కాసేపే | ఉన్నాయి | అవును | పిల్లలకి అందకూడదు |
| స్ప్రే | తుంపర | ఒక్కసారిగా ఎక్కువ | అవును | స్టవ్, దీపం దగ్గర కొట్టొద్దు |
| ప్లగ్, జెల్ | లేదు | కొద్దికొద్దిగా, ఎప్పుడూ | కాదు | పడకగదిలో వద్దు |
| నూనె డిఫ్యూజర్ | సన్నటి తుంపర | చుక్కల్ని బట్టి | అవును | సీసా పిల్లలకి అందకూడదు |
| కలరా ఉండలు | లేదు | ఎక్కువ, నెలల తరబడి | కాదు | పసిపిల్లల బట్టల్లో అసలొద్దు |
| పూలు, మరువం | లేదు | కొద్దిగా | అవును | పడనివాళ్ళకి తలనొప్పి |

అగరుబత్తి

వెదురు పుల్ల, బొగ్గుపొడి, రంపపు పొట్టు, జిగురు కలిపితే కడ్డీ. మన్యంలో గిరిజనులు సేకరించే నరమామిడి చెక్క పొడి ఆ జిగురు కోసమే. ఇలా తయారైన నల్ల కడ్డీకి వాసన ఉండదు. తర్వాత సెంటులో ముంచుతారు. ఆ సెంటుని పలచన చేయడానికి వాడేది చాలావరకు డీఈపీ, అంటే డైఇథైల్ థాలేట్. 'గులాబీ', 'మొగలి' అని కొనే కట్టల్లో చాలావాటికి తేడా ఆ ముంచుడులోనే ఉంటుంది.

గ్రాము అగరుబత్తి కాలితే సగటున 45 మిల్లీగ్రాములకి పైగా నుసి వస్తుందని, గ్రాము సిగరెట్‌కి వచ్చేది 10 మిల్లీగ్రాములని లెక్కలున్నాయి. దీన్ని పట్టుకుని "ఒక అగరుబత్తి నాలుగు సిగరెట్లతో సమానం" అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అది సరికాదు. సిగరెట్ పొగను నేరుగా లోపలికి పీలుస్తారు, అగరుబత్తిది గదంతా పరుచుకుంటుంది. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. సింగపూర్‌లో 61 వేల మందికి పైగా చైనీయుల్ని ఏళ్ల తరబడి గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏళ్ల తరబడి ఇంట్లో ధూపకడ్డీలు వెలిగించేవాళ్ళలో ముక్కు, గొంతు వైపు వచ్చే కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మాత్రం మొత్తం మీద సంబంధం కనిపించలేదు. అక్కడి ఇళ్ళలో పగలూ రాత్రీ వెలిగే కడ్డీలకీ, మన పూజలో పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ వెలిగించడానికీ తేడా ఉంది. చిన్న పూజగది, మూసిన తలుపు, దండిగా కడ్డీలు అయితే ఆ తేడా తగ్గిపోతుంది.

మా ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ ఒకటుంది. హాల్లో ఒక్క కడ్డీ వెలిగించి చూశాను. ఐదు నిమిషాలు కాకముందే ఆకుపచ్చ లైటు పసుపై, ఎరుపై, ఫ్యాను గర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. అదే కడ్డీని బాల్కనీలో గుచ్చి, బాల్కనీ తలుపు సగం తీసి ఉంచితే లైటు కదల్లేదు. వాసన మాత్రం లోపలికి వచ్చింది. ఇంకో మాట, ప్యూరిఫయర్‌లోని హెపా వడపోత నుసిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు పొర మందంగా ఉండాలి. ప్యూరిఫయర్ ఉందిగా అని ప్లగ్గు పెట్టుకోవడం అందుకే దండగ.

కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2025 చివర్లో అగరుబత్తులకి ప్రత్యేక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 19412. కొన్ని పురుగుమందులు, కొన్ని సువాసన రసాయనాలు కలపకూడదని అందులో ఉంది. అంటే కలిపేవాళ్ళు ఉన్నారనేగా. 'దోమల అగరుబత్తి' అని వీధి కొట్లో పది రూపాయలకి అమ్మేవాటిలో అనుమతి లేని పురుగుమందులు పట్టుబడుతూనే ఉన్నాయి. పురుగుమందుల రిజిస్ట్రేషన్ నంబరు లేని దోమల కట్ట ఏదైనా ఇంటికి తేకండి.

సాంబ్రాణి, బాలింత గది

ఇక్కడ పెద్దవాళ్ళతో గొడవకి సిద్ధపడే రాస్తున్నాను. పసిబిడ్డకి లాలపోసి, తల తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగ మీద జుట్టు ఆరబెట్టడం మనకి తరాల అలవాటు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ మా అమ్మమ్మ ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది. కానీ నెలల బిడ్డ పెద్దవాళ్ళకంటే వేగంగా ఊపిరి తీస్తుంది. బరువుతో పోల్చితే ఎక్కువ గాలి పీలుస్తుంది. ఆ పొగ మీద కావాలని పట్టుకుంటున్నది ఆ బిడ్డనే.

అంతకంటే ప్రమాదం కుంపటి. గాలి తగలకూడదని తలుపులన్నీ బిగించిన బాలింత గదిలో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సాంబ్రాణి వాసన మధ్య అసలే తెలియదు. పిండి బొగ్గుతో చేసిన రెడీమేడ్ కప్పులకీ ఇదే వర్తిస్తుంది. వేసి తీరాలంటే వరండాలో వేసి, పొగ పోయాక బిడ్డని తీసుకురండి. తల ఆరడానికి మెత్తటి పాత పంచె చాలు.

కర్పూరం

హారతి క్షణాల పని, కాబట్టి పొగ సంగతి పెద్దది కాదు. భయమంతా మింగడం గురించే. తెల్లగా, పటికబెల్లం ముక్కలా కనిపిస్తుంది. చిన్నపిల్లలు నోట్లో వేసుకుంటే నిమిషాల్లోనే మూర్ఛ వచ్చే ప్రమాదముంది. అమెరికాలో ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని 1980లలోనే నియమం పెట్టారు. పాయసంలో, ప్రసాదంలో వేసే పచ్చకర్పూరం వేరు, హారతి బిళ్ళ వేరు. రెండూ పూజ సామాను డబ్బాలోనే పెట్టుకునే ఇళ్ళు నేను చూశాను.

2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ పెరుగుతుందంటూ వాము, లవంగం, కర్పూరం మూటకట్టి వాసన చూడమన్నారు గుర్తుందా? ఆక్సిజన్ పెరగదు. ముక్కు చల్లబడి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే.

స్ప్రేలు, ప్లగ్గులు, జెల్లులు

స్ప్రే డబ్బాలో సువాసన కొంచెమే, మిగతాదంతా దాన్ని నెట్టే వాయువు. అది చాలావాటిలో బ్యూటేన్, ప్రొపేన్, అంటే మన గ్యాస్ బండలో ఉండేవే. వంటగదిలో చేపల వాసన పోవాలని స్టవ్ వెలుగుతుండగానే కొట్టేవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు. బాత్రూమ్‌లో ఒక నొక్కు నొక్కి, ఎగ్జాస్ట్ వేసి బయటికి రావడం వరకైతే నాకు పేచీ లేదు.

ప్లగ్ సంగతి మా చెల్లెలి కథలోనే ఉంది. జెల్ డబ్బాలు కాస్త మెల్లిగా ఆవిరవుతాయి, కరెంటు వేడి ఉండదు. రెండిట్లో ఒకటి తప్పదంటే జెల్ తీసుకుని, మూత సగమే తెరిచి, చెప్పుల స్టాండ్ దగ్గర పెట్టండి.

కారు సెంటుకి వేరే శిక్ష వేయాలి. ఒకసారి శ్రీశైలం వెళ్తూ మాట్లాడుకున్న క్యాబ్‌లో ఏసీ గాలికి ఎదురుగా స్ట్రాబెర్రీ వాసన సీసా తగిలించి ఉంది. ఎండలో నిలబెట్టిన కారు, మూసిన అద్దాలు, ఘాట్ మలుపులు. సున్నిపెంట చేరేలోపు ముగ్గురం వాంతి చేసుకున్నాం. ఆ డ్రైవర్ కుర్రాడికి మాత్రం ఏ వాసనా తెలియట్లేదట. రోజంతా అందులోనే ఉంటాడు కదా మరి.

నూనె డిఫ్యూజర్

నీళ్ళలో సువాసన తైలం చుక్కలు వేస్తే తుంపరగా చిమ్మే యంత్రం ఇది. పొగ లేదు, ఎన్ని చుక్కలు వేయాలో మనమే చూసుకోవచ్చు, స్విచ్ తీస్తే ఆగిపోతుంది. అరగంట వేసి తీసేసే క్రమశిక్షణ ఉంటే, మండించేవాటికన్నా ఇది మెరుగు. రాత్రంతా వదిలేస్తే ఖరీదైన ప్లగ్గే. నీళ్ళు రోజూ పారబోసి తుడవాలి. నిలవ నీటిలో సూక్ష్మజీవులు పెరిగితే వాటినీ తుంపరగా గదిలోకి చిమ్ముతుంది.

నీలగిరి తైలం చెంచాడు చిన్నపిల్లలు తాగినా ఫిట్స్ రావచ్చు. పిల్లి కాలేయానికి ఈ నూనెల్లోని కొన్ని రసాయనాల్ని వదిలించుకునే శక్తి తక్కువ. టీ ట్రీ లాంటివి దానికి విషమే.

సహజ తైలాలంటే మురిసిపోయేవాళ్ళకి ఒక నిజం చెప్పాలి. 2021లో అమెరికాలో వేర్వేరు రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే జబ్బు సోకింది, ఇద్దరు చనిపోయారు. ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వితే, లావెండర్ తైలమున్న అరోమాథెరపీ స్ప్రే సీసాలో ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా దొరికింది. సీసా తయారైంది మన దేశంలో. ఇది అరుదైన ఘటనే. కానీ శుభ్రంగా తయారు కాకపోతే 'సహజం' అన్న మాట ఎవరినీ కాపాడదు.

కలరా ఉండలు

వీటి మీద నాకు మొహమాటం లేదు, ఇంట్లోంచి తీసేయండి. వీటిలో ఉండే నాఫ్తలీన్ క్యాన్సర్ కారకం కావచ్చని 2002లో వర్గీకరించారు. యూరప్‌లో 2008లో వీటిని నిషేధించారు. అసలు ప్రమాదం జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువులకి. ఆ ఆవిరి తగిలితే రక్తకణాలు చితికి, పచ్చకామెర్లు ముదిరి మెదడు దాకా పోవచ్చు. బిడ్డకి ఆ లోపం ఉందని పుట్టగానే మనకి తెలియదు. మనకేమో పురుట్లో బిడ్డకి మొదట పాత బట్టలే తొడగాలని ఆచారం. ఆ పాత బట్టలు ఎక్కడుంటాయి? అటక మీద ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య. పురిటికి ముందే తీసి, ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో ఆరేస్తే ఆచారమూ నిలుస్తుంది, బిడ్డకి ప్రమాదమూ తగ్గుతుంది. బీరువాలో పురుగు పట్టకుండా ఎండువేపాకు, లవంగాలు గుడ్డలో కట్టి పెట్టుకోవచ్చు. ఉండలంత బలంగా పనిచేయవు, కాబట్టి పట్టుచీరల్ని ఏడాదికి రెండుసార్లు విప్పి గాలికి ఆరేయాలి.

ఎవరికి ఏది

ఆస్తమా ఉన్న ఇంట్లో మండేవేవీ లోపల వద్దు, ప్లగ్ కూడా వద్దు. పూలు కూడా పడతాయో లేదో వాళ్ళనే అడగండి. అమెరికాలో 2016లో జరిగిన ఒక సర్వేలో 34.7 శాతం మంది సువాసన ఉత్పత్తుల వల్ల తమకి ఏదో ఒక ఇబ్బంది కలిగిందన్నారు. వాళ్ళు చెప్పుకున్నదే తప్ప వైద్యులు తేల్చింది కాదు. అయినా అంతమంది అన్నప్పుడు, ఇంట్లో ఒకరు "పడట్లేదు" అంటే నాటకమని తీసిపారేయకూడదు.

మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఇంటి సువాసనలతో పాటు బట్టల కండిషనర్‌నీ అనుమానించాలి. గదిలో సీసా తీసేసినా, దిండు గలీబులోని వాసన రాత్రంతా ముక్కు కిందే ఉంటుంది. నెలరోజులు వాసన లేని సబ్బుపొడి వాడి చూడండి. ఇది పెద్ద ఖర్చు లేని పరీక్ష.

పూజ మానలేనివాళ్ళు ఒక్క కడ్డీతో సరిపెట్టుకుని, కిటికీ పక్కన గుచ్చి, నమస్కారం అయ్యాక బయటికొచ్చేయండి. దేవుడి దగ్గర సంపెంగో, మరువమో, దవనమో పెడితే మిగతా వాసన అవే చూసుకుంటాయి.

చలిదేశాల్లో ఉన్నవాళ్ళ లెక్క వేరు. అక్కడ నాలుగైదు నెలలు కిటికీ తీయరు, లోపలి గాలే తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ పెరట్లో వేసే సాంబ్రాణిని అక్కడ అపార్ట్‌మెంట్‌లో వేస్తే పొగ అలారం మోగడం ఒక్కటే సమస్య కాదు, ఆ నుసి కార్పెట్‌లో చేరి ఉండిపోతుంది. అక్కడికి డిఫ్యూజర్ నప్పుతుంది, అదీ అరగంటే.

హాస్టల్ గదిలో నలుగురుండే కుర్రాళ్ళకి డియో స్ప్రే తగ్గించి, చెమట బనీన్లు మంచం కింద నుంచి తీయమని చెప్పడం తప్ప నా దగ్గర వేరే ఉపాయం లేదు.

మా చెల్లెలింట్లో చివరికి ఏమైందంటే, ప్లగ్గు పీకేశాక మూడో రోజుకి దాని తలనొప్పి పోయింది, కానీ పడకగదిలో ఏదో ముక్కిన కంపు మొదలైంది. అసలు అగరుబత్తులు అన్ని వెలిగించిందీ, ప్లగ్గు అక్కడ పెట్టిందీ ఆ కంపు తెలియకుండా ఉండడానికేనట. వెళ్ళి చూశాను. ఆ గదికున్న రెండో బాత్రూమ్ ఎవరూ వాడట్లేదు. నేల మీది నహానీ ట్రాప్‌లో, అంటే జాలీ కింద నీళ్ళు నిలిచి కంపును ఆపే గుంటలో, నీళ్ళు ఎండిపోయి, డ్రైనేజీ గాలి నేరుగా లోపలికి వస్తోంది. రెండు మగ్గుల నీళ్ళు పోశాం. ఇప్పుడు అత్తగారు వారానికోసారి, శనివారం తలస్నానం చేశాక, గుర్తుపెట్టుకుని ఆమే పోస్తున్నారు.